కౌంటర్ వెనుక నేర్చిన వ్యాపారం: మాస్టర్ పీ, నో లిమిట్ రికార్డ్స్ ఎదుగుదలలో అసలు లెక్క

1998లో ఫోర్బ్స్ పత్రిక వినోదరంగంలో అత్యధికంగా సంపాదించినవారి జాబితా ప్రకటించినప్పుడు పదో స్థానంలో మాస్టర్ పీ అనే పేరు కనిపించింది. పక్కన రాసిన ఆదాయం 5 కోట్ల 65 లక్షల డాలర్లు. సినిమా తారలకూ టెలివిజన్ ప్రముఖులకూ అలవాటైన ఆ జాబితాలోకి న్యూ ఆర్లీన్స్ పేదవాడ నుంచి వచ్చిన ఒక ర్యాపర్ చేరడం చాలామందికి మింగుడుపడలేదు. విమర్శకుల్లో ఎక్కువమంది ఆయనను మాటల నేర్పరిగా ఎన్నడూ ఒప్పుకోలేదు. రేడియో స్టేషన్లు ఆయన పాటలను మోసుకు తిరగలేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ చుట్టూ తిరుగుతున్న ఆనాటి ర్యాప్ లోకంలో దక్షిణాది యాసకు పెద్దగా మర్యాద లేదు. అయినా ర్యాపర్లందరికంటే ఎక్కువ డబ్బు ఆయన చేతికే వచ్చింది. ఆ డబ్బులో గాయకుడి పారితోషికం కన్నా లేబుల్, అంటే రికార్డు కంపెనీ, యజమానిగా వచ్చిన వాటాయే ఎక్కువ.

ఈ కథను సాధారణంగా పేదరికం నుంచి కోటీశ్వరత్వానికి ఎదిగిన వీరగాథగా చెబుతారు. అలా చెబితే సగమే చెప్పినట్టు. ఆయన లేబుల్ నో లిమిట్ రికార్డ్స్ ఎందుకు అంత వేగంగా ఎదిగిందో, ఐదేళ్లు తిరగకముందే ఎందుకు కుంగిపోయిందో తెలియాలంటే పాటలతో పాటు ఒప్పందాలను కూడా చదవాలి. నష్టభయాన్నీ హక్కులనూ ఒకే మనిషి చేతిలో ఉంచుకోవడం ఆ కంపెనీ బలం. దాని బలహీనతా అక్కడే పుట్టింది.

మాస్టర్ పీ అసలు పేరు పెర్సీ మిల్లర్. న్యూ ఆర్లీన్స్‌లో ప్రభుత్వం పేదల కోసం కట్టించిన కాలియోపీ గృహ సముదాయంలో పెరిగాడు. మత్తుమందుల వ్యాపారం, కాల్పులు నిత్యకృత్యమైన చోటు అది. తమ్ముడు కెవిన్ హత్యకు గురయ్యాడు. బాస్కెట్‌బాల్ ఆటలో ప్రతిభ చూపి హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్లినా అక్కడ నిలవలేదు. కాలిఫోర్నియా చేరి, ఓక్లండ్‌లోని మెరిట్ కాలేజీలో కొంతకాలం వ్యాపార పాఠాలు చదివాడు. తాత మరణం తర్వాత చేతికి వచ్చిన 10,000 డాలర్లతో ఓక్లండ్ పక్కనున్న రిచ్‌మండ్ పట్టణంలో ఒక చిన్న రికార్డుల దుకాణం తెరిచాడు. దానికి పెట్టిన పేరే నో లిమిట్. అంటే కంపెనీకన్నా ముందు దుకాణం పుట్టింది. తర్వాత జరిగినదంతా ఈ వరుస నుంచే వచ్చింది.

రికార్డు కంపెనీ కార్యాలయంలో కూర్చున్నవాడికి నివేదికలు కనిపిస్తాయి. కౌంటర్ వెనుక నిలబడ్డవాడికి కొనే మనిషి కనిపిస్తాడు. ఎవరు ఏ క్యాసెట్ అడిగారు, లేదంటే ఏమి తీసుకున్నారు, అట్ట చూసి చేతిలోకి తీసుకున్నది ఏది, తిరిగి అరలో పెట్టింది ఏది అన్నది రోజూ కళ్లముందు జరుగుతుంది. రిచ్‌మండ్ కుర్రవాళ్లు రేడియోలో మోగే పాటలకన్నా తమ వీధుల సంగతులు చెప్పే కఠినమైన ర్యాప్‌ను ఎక్కువగా అడుగుతున్నారని మిల్లర్ గమనించాడు. పెద్ద కంపెనీలు ఆ సరుకు తగినంత చేయడం లేదు. గిరాకీ ఉండి సరుకు లేని చోటు ఏ దుకాణదారుకైనా వెంటనే కంటపడుతుంది. దాన్ని తానే తయారు చేయాలనుకోవడం మాత్రం అందరికీ తట్టదు.

ఆ ప్రాంతమూ ఆయనకు కలిసివచ్చింది. ఓక్లండ్‌లో టూ షార్ట్ అనే ర్యాపర్ 1980లలోనే సొంతంగా క్యాసెట్లు చేసి కారు డిక్కీలో పెట్టుకుని అమ్మాడు. దగ్గరలోని వల్లేహో పట్టణంలో ఈ-40 అనే మరో ర్యాపర్ కుటుంబసభ్యులతో కలిసి సిక్ విడ్ ఇట్ అనే లేబుల్ నడిపాడు. న్యూయార్క్ కంపెనీల తలుపు తట్టకుండానే, స్థానిక పంపిణీదారుల ద్వారా వేల కాపీలు అమ్ముకోవచ్చని వాళ్లు నిరూపించారు. మిల్లర్ ఆ దారినే పట్టాడు. 1991లో తొలి ఆల్బమ్, 1992లో మరొకటి, 1994లో ‘ద ఘెటోస్ ట్రైయింగ్ టు కిల్ మీ’ వెలువడ్డాయి. దుకాణంలోనూ వీధుల్లోనూ ఊరూరా తిరిగి అమ్మిన సరుకు ఇది. సంగీతపరంగా వీటిలో గొప్పగా చెప్పుకోవలసింది తక్కువ, కాలిఫోర్నియా ధోరణికి అనుకరణ ఎక్కువ. వ్యాపార శిక్షణగా మాత్రం వీటికి సాటి లేదు. ముద్రణ ఖర్చు ఎంత, దుకాణానికి ఎంత తగ్గింపు ఇవ్వాలి, బాకీ ఎప్పుడు వసూలవుతుంది అన్నవి ఆయన సొంత డబ్బుతో నేర్చుకున్నాడు.

అదే కాలంలో పరిశ్రమలో మరో మార్పు వచ్చింది. ర్యాప్ చరిత్ర రాసేవాళ్లు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వరు. 1991 వరకు బిల్‌బోర్డ్ పత్రిక ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్‌ల జాబితాలను దుకాణాలకు ఫోన్లు చేసి, వాళ్లు చెప్పిన అంచనాలతో కూర్చేది. చెప్పేవాళ్ల ఇష్టాయిష్టాలూ కంపెనీల ఒత్తిళ్లూ అందులో కలిసేవి. 1991 మే 25 సంచిక నుంచి సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చింది. కౌంటర్ దగ్గర బార్‌కోడ్ చదివిన ప్రతి అమ్మకమూ లెక్కకు ఎక్కడం మొదలైంది. నెల తిరగకముందే ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. ర్యాప్ ఎంత అమ్ముడవుతోందో పరిశ్రమకు మొదటిసారి నికరంగా తెలిసింది. రేడియో మద్దతు లేకపోయినా, పత్రికల్లో సమీక్షలు రాకపోయినా, నిజంగా అమ్ముడైన సరుకు ఇక దాగదు. మాస్టర్ పీ లాంటివాడి ఎదుగుదలకు ఈ మార్పు పునాది వేసింది.

ఆ ఎన్‌డబ్ల్యూఏ ఆల్బమ్‌ను దుకాణాలకు చేర్చినది ప్రయారిటీ రికార్డ్స్. కెనడా నుంచి వచ్చిన బ్రయాన్ టర్నర్ దాన్ని నడిపేవాడు. ఎండుద్రాక్షల ప్రకటనలోని బొమ్మలు పాడినట్టుగా చేసిన ఒక రికార్డు మీద వచ్చిన డబ్బుతో నిలదొక్కుకుని, ఆ తర్వాత వీధి ర్యాప్ వైపు తిరిగిన కంపెనీ అది. మిల్లర్ 1995 ప్రాంతంలో లూయిజియానాకు తిరిగి వచ్చి, తన తమ్ముళ్లు సిల్క్ ద షాకర్, సీ-మర్డర్‌లతో కలిసి ట్రూ అనే బృందం పేరిట ఆల్బమ్ విడుదల చేశాడు. 1996 నాటికి ప్రయారిటీతో ఆయన కుదుర్చుకున్న పంపిణీ ఒప్పందం ర్యాప్ వ్యాపారంలో ఒక కొలమానంగా మిగిలిపోయింది.

అందరూ చెప్పుకునే లెక్క ప్రకారం రాబడిలో 85 శాతం నో లిమిట్‌కు, 15 శాతం ప్రయారిటీకి. మాస్టర్ల మీద, అంటే అసలు రికార్డింగుల మీద యాజమాన్యం పూర్తిగా నో లిమిట్‌దే. ఈ రెండో షరతు మొదటిదానికన్నా బరువైనది. ఒక పాట మీద రెండు రకాల హక్కులు ఉంటాయి. బాణీకి, సాహిత్యానికి ఉండేది ఒకటి. స్టూడియోలో రికార్డు చేసిన ఆ శబ్దానికి ఉండేది మరొకటి. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లినప్పుడు తెలుగువాళ్లంతా చర్చించుకున్నది మొదటి రకం హక్కు గురించి. మాస్టర్ అనేది రెండో రకం. డిస్కులు అమ్మినా, సినిమాలో ఆ రికార్డింగే వాడుకున్నా, ఇరవై ఏళ్ల తర్వాత ఫోనులో వినిపించినా మాస్టర్ ఎవరిదో వారికి డబ్బు చేరుతుంది. పెద్ద కంపెనీలు కొత్త కళాకారుడికి అడ్వాన్సు ఇచ్చి ముందుగా రాయించుకునేది ఇదే.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేసి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఒక సీడీ టోకు ధర 10 డాలర్లు అనుకుందాం. మామూలు ఒప్పందంలో కళాకారుడికి 12 శాతం రాయల్టీ అనుకుంటే లక్ష కాపీలకు 1,20,000 డాలర్లు వస్తాయి. కానీ స్టూడియో ఖర్చు, అడ్వాన్సు, వీడియో ఖర్చులో కొంత అందులోంచే మినహాయిస్తారు. ఆ ఖర్చులు 3 లక్షలైతే, లక్ష కాపీలు అమ్ముడైన కళాకారుడు కాగితం మీద ఇంకా బాకీదారే. పైగా రికార్డింగు ఆయనది కాదు. ఇప్పుడు 85 శాతం పద్ధతి. అదే లక్ష కాపీలకు 8,50,000 డాలర్లు లేబుల్ చేతికి వస్తాయి. ముద్రణకు లక్ష, రికార్డింగుకు 50,000, ప్రచారానికి 2 లక్షలు పోయినా 5 లక్షలు మిగులుతాయి. పెద్ద కంపెనీలో లక్ష కాపీల కళాకారుడు విఫలుడు, వచ్చే ఏడు ఒప్పందం రద్దు. సొంత లేబుల్‌లో అదే లక్ష కాపీలు పండగ.

ఇది ప్రయారిటీ దాతృత్వం కాదు. రికార్డు తయారీకీ ప్రచారానికీ ముందుగా డబ్బు పెట్టేది నో లిమిట్. నష్టం వస్తే భరించేదీ అదే. ప్రయారిటీ చేయవలసింది దుకాణాలకు చేర్చడం, వసూలు చేయడం. తన చేతి చమురు తక్కువ వదిలే కంపెనీ తక్కువ వాటాకు ఒప్పుకోవడంలో వింత లేదు. మిల్లర్ గొప్పతనమంతా ఆ నష్టభయాన్ని మీద వేసుకోగల స్థితిలో బేరానికి కూర్చోవడంలో ఉంది. అప్పటికే ఆయనకు సొంత కొనుగోలుదారులున్నారు, ఎంత అమ్మగలడో తెలుసు. అడ్వాన్సు కోసం ఆకలిగా ఉన్నవాడు ఇలాంటి షరతులు అడగలేడు.

అదే 1996లో న్యూయార్క్ ర్యాపర్ జే-జీ తొలి ఆల్బమ్ కూడా ప్రయారిటీ ద్వారానే దుకాణాలకు చేరడం విశేషం. ఆయన, డామన్ డ్యాష్, కరీమ్ బర్క్ కలిసి పెట్టిన రాకఫెల్లా లేబుల్ మరుసటి ఏడాదే కొంత వాటాను డెఫ్ జామ్ అనే పెద్ద కంపెనీకి అమ్మింది. పెద్ద కంపెనీ యంత్రాంగాన్ని వాడుకుని దశాబ్దాల పాటు వెలగడం జే-జీ ఎంచుకున్న దారి. వాటా అమ్మకుండా అన్నీ తన చేతిలోనే ఉంచుకోవడం మిల్లర్ ఎంచుకున్న దారి. రెండింటిలో ఏది తెలివైనదో 1998లో అడిగితే జవాబు మిల్లర్ అనే వచ్చేది.

ప్రతి ఆల్బమ్ మీదా మిగులు ఎక్కువ కాబట్టి, ఆల్బమ్‌ల సంఖ్య పెంచితే లాభం పెరుగుతుంది. నో లిమిట్ చేసింది అదే. లూయిజియానాలోని బ్యాటన్ రూజ్‌లో స్టూడియో, అందులో బీట్స్ బై ద పౌండ్ అనే, దరువులు కట్టే సంగీత నిర్మాతల బృందం. కేఎల్‌సీ, మో బీ డిక్, క్రెయిగ్ బీ, ఓడెల్ ముఖ్యులు. లేబుల్‌లో వెలువడిన సంగీతంలో అత్యధిక భాగం వీళ్ల చేతులమీదుగా వచ్చింది. బయటి నిర్మాతలకు భారీగా చెల్లించనక్కర్లేదు, స్టూడియో అద్దె లేదు. 1998 ఒక్క ఏడాదిలోనే ఇరవైకి పైగా ఆల్బమ్‌లు బయటికి వచ్చాయి. సగటున రెండు మూడు వారాలకొకటి.

అప్పటి నో లిమిట్ సీడీ ఒకటి చేతిలోకి తీసుకుంటే ఈ పద్ధతి అంతా కనిపిస్తుంది. అట్ట మీద బంగారు అంచులు, వజ్రాలు పొదిగినట్టున్న అక్షరాలు, మంటలు, మూలన లేబుల్ గుర్తయిన యుద్ధట్యాంకు. హ్యూస్టన్‌లో బ్రౌచ్ సోదరులు నడిపిన పెన్ అండ్ పిక్సెల్ సంస్థ తయారు చేసిన అట్టలు ఇవి. మర్యాదస్థులైన డిజైనర్లు చూసి ముఖం తిప్పుకున్నారు గానీ, వందల డిస్కులున్న అరలో దూరం నుంచే కంటపడేవి. దుకాణం నడిపినవాడికి దాని విలువ తెలుసు. లోపలి పుస్తకం తెరిస్తే పాటల సాహిత్యానికి బదులు ఇంకా విడుదల కాని ఆల్బమ్‌ల అట్టలు వరుసగా ఉంటాయి. కొన్నవాడు ఇంటికి వెళ్లి తర్వాత ఏది కొనాలో అందులోనే చూసుకుంటాడు. పాటల జాబితా చూస్తే దాదాపు ప్రతి పాటలోనూ లేబుల్‌లోని మరో ఇద్దరు ముగ్గురు గొంతు కలిపి ఉంటారు. మాస్టర్ పీ కోసం కొన్నవాడు మియా ఎక్స్‌ను వింటాడు, మిస్టికల్ కోసం కొన్నవాడు ఫీండ్‌ను వింటాడు. పత్రికల్లో ప్రకటనలకు డబ్బు పోయనవసరం లేకుండా ఒక ఆల్బమ్ మరో ఆల్బమ్‌ను అమ్మిపెట్టింది. మియా ఎక్స్ కూడా ఒకప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో రికార్డుల దుకాణంలో పనిచేసిన మనిషే. కొనేవాళ్ల నాడి తెలిసినవాళ్లను మిల్లర్ వెతికి పట్టుకున్నాడు.

సినిమాలోనూ ఇదే సూత్రం. 1997లో తన జీవితం ఆధారంగా ‘ఐయామ్ బౌట్ ఇట్’ అనే చిత్రాన్ని సొంత ఖర్చుతో తీసి, థియేటర్ల కోసం ఎదురుచూడకుండా వీడియో క్యాసెట్‌గా నేరుగా రికార్డు దుకాణాలకు పంపాడు. నటన, కెమెరా, ఎడిటింగ్ అన్నీ ముతకగా ఉంటాయి. అయినా అది బాగా అమ్ముడైంది, దాని పాటల ఆల్బమ్ బిల్‌బోర్డ్ తొలి ఐదు స్థానాల్లోకి వెళ్లింది. మరుసటి ఏడాది ఆయన సినిమా ఒకటి థియేటర్లలోనే విడుదలైంది.

ఇక పాటల మాట. నో లిమిట్‌ను కేవలం వ్యాపార చతురతగా చూసి సంగీతాన్ని కొట్టిపారేయడం అన్యాయం. 1997 సెప్టెంబరులో వచ్చిన ‘ఘెట్టో డి’ మొదటి స్థానంలో మొదలైంది. అందులోని ‘మేక్ ఎమ్ సే ఉహ్’ పాటకు కేఎల్‌సీ కట్టిన దరువులో న్యూ ఆర్లీన్స్ హైస్కూలు బ్యాండు మేళాల ఊపు ఉంది. ఆ ఊళ్లో మార్డీ గ్రా పండుగ ఊరేగింపుల్లో డోళ్లు మోగించే పిల్లలకు పుట్టుకతో తెలిసిన లయ అది. దాని మీద మాస్టర్ పీ పెట్టిన ఆ మూలుగు లాంటి అరుపు భాష తెలియనివాళ్లకు కూడా ఎక్కింది. బాస్కెట్‌బాల్ కోర్టులోకి బంగారు రంగు ట్యాంకు దూసుకొచ్చే ఆ వీడియో ఆనాటి టెలివిజన్ చూసినవాళ్లెవరూ మరచిపోరు. అదే ఆల్బమ్‌లో చనిపోయిన మిత్రులను, తమ్ముడు కెవిన్‌ను తలచుకునే శోకగీతం ఉంది. మాటల అల్లిక సాదాసీదాగా ఉంటుంది. కానీ వాడవాడలా శవయాత్రలు చూస్తూ పెరిగిన శ్రోతలకు ఆ సాదాతనమే సొంతంగా తోచింది. న్యూయార్క్ విమర్శకులకు వినిపించని బాధ అందులో ఉందని ఒప్పుకోవాలి.

1998 జూన్‌లో ‘ఎంపీ ద లాస్ట్ డాన్’ అనే రెండు డిస్కుల ఆల్బమ్ తొలి వారంలోనే సుమారు 5 లక్షల కాపీలు అమ్ముడైంది. అదే ఏడాది ర్యాపర్ స్నూప్ డాగ్ కూడా వచ్చి చేరాడు. డెత్ రో రికార్డ్స్ నుంచి బయటపడాలని తంటాలు పడుతున్న స్నూప్‌ను నో లిమిట్ ఆదుకుంది. అక్కడి మరో ర్యాపర్ టూపాక్ హత్య, లేబుల్ అధిపతి షుగ్ నైట్ జైలుపాలవడం తర్వాత డెత్ రోలో ఉండడం స్నూప్‌కు ప్రాణభయంగానే ఉండేది. తనకు ఆ గడ్డుకాలంలో వ్యాపారం నేర్పింది మాస్టర్ పీ అని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. నో లిమిట్‌లో వచ్చిన స్నూప్ తొలి ఆల్బమ్ కూడా ఒకటో స్థానంలోనే మొదలైంది. సంగీతం మాత్రం ఆయన స్థాయిలో లేదు. హడావిడిగా చేసినట్టు వినగానే తెలుస్తుంది. శిఖరం మీద ఉన్నప్పుడే పగుళ్లు కనిపించడం మొదలైంది.

మొదటి పగులు సరుకు అతిగా తయారు కావడం. రెండు మూడు వారాలకొక ఆల్బమ్, అవే దరువులు, అవే అతిథి గొంతులు, అదే రకం అట్ట. 1997లో అభిమానిని కట్టిపడేసిన పోలికే 1999లో విసుగు పుట్టించింది. అమెరికా రికార్డు వ్యాపారంలో అమ్ముడుపోని డిస్కులను దుకాణాలు వెనక్కి పంపవచ్చు. పంపిణీదారు ఆ వాపసుల కోసం రాబడిలో కొంత నిలిపి ఉంచుతాడు. ముద్రణ ఖర్చు లేబుల్‌దే అయినప్పుడు వాపసుల దెబ్బా దాని మీదే పడుతుంది. ఇరవై ఆల్బమ్‌లూ ఆడుతున్నంత కాలం 85 శాతం వాటా వరం. సగం ఆడకపోతే అదే వాటా నష్టంలోనూ వర్తిస్తుంది. 1999 చివర్లో వచ్చిన మాస్టర్ పీ ఆల్బమ్ రెండో స్థానంలో మొదలైనా అంతకుముందు ఏడాది అమ్మకాల దరిదాపులకు రాలేదు.

రెండో పగులు ఇంకా లోతైనది. 1999లో బీట్స్ బై ద పౌండ్ బృందం లేబుల్ వదిలి వెళ్లిపోయింది. డబ్బు, వాటా, గుర్తింపు విషయంలో తమకు న్యాయం జరగలేదన్నది వాళ్ల వాదన. ఇక్కడే నో లిమిట్ పద్ధతిలోని అసలు వైరుధ్యం బయటపడుతుంది. పెద్ద కంపెనీ ముందు మిల్లర్ పట్టుబట్టి సాధించుకున్నది యాజమాన్యం. తన లేబుల్ లోపల మాత్రం అది కిందికి దిగలేదు. కంపెనీ మొత్తానికి శబ్దాన్ని ఇచ్చిన నలుగురైదుగురు అందులో భాగస్వాములు కాదు. మిల్లర్ కోణం నుంచి చూస్తే పెట్టుబడి తనది, నష్టభయం తనది, పేరు తనది, కాబట్టి హక్కూ తనదే. సరిగ్గా ఇదే వాదనతో పెద్ద కంపెనీలు కళాకారుల మాస్టర్లు తీసుకుంటాయి. వాటా ఇచ్చి నిర్మాతలను నిలుపుకుని ఉంటే లాభం కొంత తగ్గేది, కంపెనీ ఆయుష్షు పెరిగేది. కేఎల్‌సీ ఆ తర్వాత లూడాక్రిస్‌కు కట్టిన దరువు దేశమంతా మోగింది. మిస్టికల్ కూడా బయటికి వెళ్లి, 2000లో జైవ్ కంపెనీలో చేసిన ఆల్బమ్‌తో ఒకటో స్థానం అందుకున్నాడు. ప్రతిభ అడుగంటిందన్న మాట నిజం కాదనడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

మిల్లర్ దృష్టి కూడా చెదిరింది. బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలోని జట్లయిన షార్లట్ హార్నెట్స్, టొరంటో రాప్టర్స్ శిబిరాల్లో ఆటగాడిగా ప్రయత్నించాడు. బొమ్మలు, దుస్తులు, క్రీడాకారుల ప్రతినిధి సంస్థ అంటూ విస్తరించాడు. వీటిలో 1999లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రికీ విలియమ్స్‌కు నో లిమిట్ స్పోర్ట్స్ కుదిర్చిన ఒప్పందం ఎక్కువ నేర్పుతుంది. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టుతో కుదిరిన ఆ ఒప్పందంలో సంతకానికి సుమారు 88 లక్షల డాలర్లు, ఆపైన జీతం లీగు కనీస స్థాయికి దగ్గరగా, మిగతా కోట్లన్నీ ఆటలో సాధించే లక్ష్యాల మీద. ఆ ఆటగాడు లక్ష్యాల్లో చాలావాటిని అందుకోలేదు. దాన్ని క్రీడాచరిత్రలో అతి చెడ్డ ఒప్పందాల్లో ఒకటిగా ఇప్పటికీ చెబుతారు. చూడబోతే అది ప్రయారిటీ ఒప్పందపు ఆలోచనే: ముందు తక్కువ తీసుకో, నీ మీద నువ్వు పందెం కాయి, గెలిస్తే అంతా నీదే. రికార్డు వ్యాపారంలో అట్ట నుంచి విడుదల తేదీ దాకా మిల్లర్ చేతిలో ఉండేవి. మైదానంలో బంతి ఎన్నిసార్లు ఇవ్వాలో కోచ్ నిర్ణయిస్తాడు, మోకాలు ఎప్పుడు నొస్తుందో ఎవరికీ తెలియదు. పగ్గాలు మరొకరి చేతిలో ఉన్నప్పుడు కాసిన పందెం అది.

ఇదంతా జరుగుతుండగా అదే ఊరి నుంచి క్యాష్ మనీ రికార్డ్స్ ముందుకొచ్చింది. బర్డ్‌మన్, స్లిమ్ అనే విలియమ్స్ సోదరులు 1991లో పెట్టిన లేబుల్ ఇది. మాస్టర్ పీ విజయం చూసిన యూనివర్సల్ కంపెనీ 1998లో వీళ్లకు 3 కోట్ల డాలర్ల విలువైన పంపిణీ ఒప్పందం ఇచ్చింది. అందులోనూ మాస్టర్లు లేబుల్‌వే, వాటా 80–20. కళాకారుల పక్షాన పనిచేసే వెండీ డే ఆ బేరం కుదర్చడంలో కీలకం. నో లిమిట్ వేసిన బాట లేకపోతే ఆ అంకెలు బల్ల మీదికి వచ్చేవి కావు. ర్యాపర్ జువెనైల్ ఆల్బమ్, నిర్మాత మ్యానీ ఫ్రెష్ తాజా దరువులతో న్యూ ఆర్లీన్స్ శబ్దం అంటే ఇక క్యాష్ మనీ శబ్దమే అన్నట్టయింది.

కుటుంబాన్నీ లేబుల్‌నూ చీకటి కమ్మింది కూడా ఆ రోజుల్లోనే. 2000లో ఒక క్లబ్బులో జరిగిన కాల్పుల కేసులో మాక్ అనే నో లిమిట్ ర్యాపర్‌కు 30 ఏళ్ల శిక్ష పడింది. విచారణలో ఆయన పాటల పంక్తులనే ఆయనకు వ్యతిరేకంగా చదివారు. ఊహించి రాసిన కవిత్వాన్ని నేరాంగీకారంలా వాడడం మీద అమెరికాలో ఇప్పుడు జరుగుతున్న పోరాటంలో ఆ కేసు తరచూ ప్రస్తావనకు వస్తుంది. రెండు దశాబ్దాలు జైల్లో గడిపి 2021లో ఆయన బయటికి వచ్చాడు. మిల్లర్ తమ్ముడు సీ-మర్డర్ 2002 నాటి హత్యకేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తూ, తాను నిర్దోషినని చెబుతూనే ఉన్నాడు.

2001లో పెద్ద కొడుకు లిల్ రోమియో బాల ర్యాపర్‌గా విజయం సాధించి ఇంటికి కొంత ఊపు తెచ్చాడు. మిల్లర్ యూనివర్సల్‌తో కలిసి కొత్త నో లిమిట్ పేరిట మళ్లీ మొదలుపెట్టాడు. పాత వేగం రాలేదు. 2003 చివర్లో నో లిమిట్ రికార్డ్స్ దివాలా పిటిషన్ వేసింది. మిల్లర్ వ్యక్తిగతంగా కుప్పకూలలేదు. ఆస్తులను రకరకాల వ్యాపారాల్లో పెట్టి ఉంచాడు, తర్వాత కూడా ఆల్బమ్‌లు, సినిమాలు, ఆహార ఉత్పత్తులతో నిలబడ్డాడు. 2020లో బీఈటీ ఛానెల్ నో లిమిట్ చరిత్రను ఐదు భాగాల ధారావాహికగా ప్రసారం చేసి, అదే ఏడాది ఆయనకు హిప్‌హాప్ గౌరవ పురస్కారం ఇచ్చింది.

ఆయన వేసిన బాటలో నడిచినవాళ్లకు ఆయన ఎదుర్కొన్న ప్రశ్నే ఎదురైంది. 80 శాతం వాటాతో, మాస్టర్ల యాజమాన్యంతో గెలిచిన క్యాష్ మనీని జువెనైల్ వదిలాడు, దరువులన్నీ కట్టిన మ్యానీ ఫ్రెష్ వదిలాడు. ఇద్దరి ఫిర్యాదూ చెల్లింపుల గురించే. చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగి, లేబుల్‌కు అందరికన్నా ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టిన లిల్ వేన్ 2015 జనవరిలో తనకు రావలసిన సొమ్ము ఇవ్వలేదంటూ 5 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ వివాదంలో ఆయన పూర్తిచేసిన ఆల్బమ్ ఏళ్ల తరబడి విడుదలకు నోచుకోలేదు. 2018లో రాజీ కుదిరాక, ఆ ఏడాది సెప్టెంబరులో అది బయటికి వచ్చి మొదటి వారమే ఒకటో స్థానంలో నిలిచింది.